మాటు వేసే చేతిలో రసాయనం

అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు, కారే ఇత్తడి బిందెకు మాటు వేయడాన్ని చిల్లర రిపేరు అనుకుంటాం. అది పొరపాటు. మాటు వేసే ముందు సీసాలోని హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో తుత్తునాగం (జింక్) ముక్క వేయగానే బుసబుసమంటూ పొంగుతుంది, ముక్క ఒంటినిండా ముత్యాల్లా బుడగలు లేస్తాయి. ఆ బుడగలే హైడ్రోజన్. 1766లో హెన్రీ కావెండిష్ లోకానికి వివరించిన వాయువు అదే. 65 గ్రాముల తుత్తునాగం కరిగితే సుమారు 2 గ్రాముల హైడ్రోజన్ గాలిలో కలుస్తుంది. సీసాలో మిగిలిన జింక్ క్లోరైడ్ బిందె మీది చిలుమును తినేస్తేనే మాటు అంటుకుంటుంది.

సమీకరణం రాయడం రానివారి పని శాస్త్రమెలా అవుతుంది, అలవాటే కదా అనవచ్చు. కానీ బుడగలు ఆగినప్పుడు అడుగున ముక్క మిగిలి ఉంటే యాసిడ్ తీరినట్టు. ముక్క కరిగిపోతే యాసిడ్ ఇంకా పచ్చిగా ఉన్నట్టే, మరో ముక్క వేయాలి. ఈ తేడా కనిపెట్టే చూపు ప్రయోగశాలలో నేర్పే చూపే. సీసం కలిసిన మాటు తాగునీటి బిందెకు తగదన్న అభ్యంతరం మాత్రం పూర్తిగా న్యాయం. సీసం కలపడం లోహం ఎంపికలో లోపం, పనితనంలో కాదు. సీసం కలపని తగరపు మాటు కూడా ఇదే పద్ధతిలో, ఇంతే గట్టిగా అతుకుతుంది.