పిడుదుల కాటుకు మందు పట్టించిన దుస్తులు: ఒక విమర్శ

వేసవి ముదురుచుండగా ఖమ్మం, భద్రాచలం అడవుల అంచునగల పల్లెలు తెల్లవారకముందే మేల్కొనును. మొదట ఇప్పపూవు, తరువాత తునికాకు. వీటిని సేకరించుటకు స్త్రీలు, పురుషులు అడవికి పోవుదురు. పొదలలోను, గడ్డిలోను పొంచియుండు పిడుదులు వీరి ఒంటికి ప్రాకుట ఇచట క్రొత్త సంగతి కాదు. అట్టివారికి కీటకనాశని పట్టించిన దుస్తులు మంచి రక్షణ యను సలహా నేడు వినవచ్చుచున్నది. ఆ సలహా ఎంతవరకు శాస్త్రసమ్మతము? ఎంతవరకు ఈ సీమకు తగినది? ఇవి వేరువేరు ప్రశ్నలు.

పిడుదు నిజమునకు కీటకము కాదు. సాలెపురుగు, తేలు చేరిన వర్గమునకు చెందిన ప్రాణి. పశువులను పట్టు గోమారియు ఇట్టిదే. రక్తము పీల్చునపుడు ఇది తన లాలాజలముతో రోగక్రిములను మన శరీరములోనికి పంపగలదు. 1957లో నాటి మైసూరు రాష్ట్రమున, షిమోగా జిల్లాలోని క్యాసనూరు అడవిలో కోతులు చచ్చిపడెను. సమీప గ్రామస్థులకు తీవ్రమైన జ్వరము సోకెను. దీనికి ఒక క్రొత్త వైరస్ కారణమనియు, దానిని పిడుదులు మోయుచున్నవనియు పూనాలోని వైరస్ పరిశోధన కేంద్రము కనుగొనెను. ఈ జ్వరము ముఖ్యముగా డిసెంబరు నుండి మే వరకు కనిపించును. అనగా అడవిపనుల కాలమే. ఖమ్మం సీమలో ఆ వ్యాధి కలదని దీని భావము కాదు. అడవిపనికి, పిడుదుకాటుకు, జ్వరమునకు గల సంబంధమును అది స్పష్టముగా చూపినది.

దుస్తులకు మందు పట్టించుట పాత ఉపాయమే. రెండవ ప్రపంచయుద్ధ కాలమున న్యూగినీ, బర్మా అడవులలో సైనికులను స్క్రబ్ టైఫస్ పీడింపగా, దానిని వ్యాపింపజేయు మైటు అను సూక్ష్మ ప్రాణులను తప్పించుటకు దుస్తులకు డైబ్యూటైల్ థాలేట్ పూసిరి. నేడు వాడునది పెర్మెత్రిన్. దీనిని మైకేల్ ఇలియట్, ఆయన సహచరులు ఇంగ్లాండులోని రోథామ్‌స్టెడ్ కేంద్రమున రూపొందించి 1973లో ప్రకటించిరి. చామంతిని పోలిన పైరెత్రమ్ పూలలోని సహజ విషమునకు ఇది కృత్రిమ రూపము. నరములలో సోడియం అయానులు ప్రవేశించు ద్వారములను ఇది మూసికొననీయదు. అందుచే నరము ఎడతెగక ఉద్రేకించి, పిడుదు కాళ్లు తడబడి రాలిపోవును. మనుష్య చర్మములోనికి ఈ మందు స్వల్పముగనే ఇంకును.

ఫలితములను త్రోసివేయుటకు వీలులేదు. అమెరికాలోని ఉత్తర కరొలైనాలో ఆరుబయట పనిచేయువారిపై జరిగిన పరీక్షలో, కర్మాగారమున మందు పట్టించిన దుస్తులు మొదటి యేడు కాట్లను 80 శాతమునకు మించి తగ్గించినవని 2014లో వెల్లడియైనది. రోడ్ ఐలండ్, మసాచుసెట్స్ రాష్ట్రములలోని పరీక్షలో తగ్గుదల మొదటి యేడు 65 శాతము, రెండవయేడు 50 శాతము. అయితే ఈ అంకెలు కాట్లకు సంబంధించినవి. కాటు తగ్గిన వ్యాధియు తగ్గునని ఊహించుట సహేతుకమే గాని, ఊహ వేరు, నిరూపణ వేరు.

రెండవ ప్రశ్న ఇంకను చిక్కైనది. ఆ పరీక్షలలో పాల్గొన్నవారు ప్యాంటులు, మేజోళ్లు, బూట్లు తొడుగువారు. తునికాకు కోయు స్త్రీ చీర కట్టును. పలుమార్లు ఆమె పాదములకు చెప్పులైనను ఉండవు. పిడుదు నేలనుండి, గడ్డినుండి ప్రాకును గనుక కాళ్లే మొదటి దారి. ఆ దారి తెరచియుండగా చీరకు పట్టించిన మందు ఎంత మేలు చేయును?

ఇక ఉతుకుడు సంగతి. మలేరియా నివారణకై ఏజెన్సీ పల్లెలలో పంచిన దోమతెరలలోని మందు ఈ కుటుంబమునకు చెందినదే. అట్టి తెర 20 ఉతుకుల వరకు పనిచేయవలెనని ప్రమాణము. తెరను అరుదుగా ఉతుకుదురు. చెమటపట్టిన పనిబట్టను దినదినము ఉతుకవలెను. ఇంటివద్ద చల్లిన పెర్మెత్రిన్ సుమారు 6 ఉతుకులు నిలుచును. అనగా వారము చాలదు. కర్మాగారపు బట్టకు 70 ఉతుకులని చెప్పుదురు. అది నిజమైనచో తునికాకు కాలమంతయు సరిపోవును. కాని ఆ లెక్క యంత్రపు ఉతుకునకు సంబంధించినది. బండపై బాదుటకు కాదు. పైగా పెర్మెత్రిన్ చేపలకు మిక్కిలి విషము. మందుబట్టలను కిన్నెరసానిలోనో, తాలిపేరులోనో జాడించిన చేపలకు ముప్పు.

దుస్తులపై అతినమ్మకము మరియొక ప్రమాదము. స్క్రబ్ టైఫస్ తెలుగు రాష్ట్రములు రెండింటను ఉన్నది. దానికిని, పిడుదుల వలన వచ్చు టైఫస్ జ్వరమునకును డాక్సీసైక్లిన్ సకాలమున ఇచ్చినచో గుణమగును, ఆలస్యమైనచో ప్రాణాపాయము. మందుబట్ట కట్టితిని గదా యని జ్వరమును ఉపేక్షించుట తగదు.

కావున ఈ దుస్తులను త్రోసివేయనక్కరలేదు. అట్లే చూడకుండ పంచనుకూడదు. అటవీ సిబ్బంది యూనిఫారములకు ఇవి ఇప్పటికే తగినవి. ఆకు కోయువారికై చీరపై, పంచెపై, కాలితొడుగుపై ఒక వేసవి ఇచటనే పరీక్షింపవలెను. అంతవరకు ఉపాధ్యాయులు పిల్లలకు నేర్పదగినవి మూడు: అడవినుండి రాగానే ఒళ్లంతయు వెదకికొనుట, అంటుకొన్న పిడుదును నలుపక, సన్నని పట్టకారుతో చర్మమునకు దగ్గరగా పట్టి నిదానముగా లాగివేయుట, జ్వరము వచ్చినపుడు అడవికి పోయిన సంగతిని, నల్లని పక్కుగట్టిన మచ్చ యున్నచో దానిని వైద్యునికి తప్పక తెలుపుట.