చాపకూడులో మన వాటా ఎంత?

పల్నాట చాపకూడు కథ తెలియని ఊరు లేదు. బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒకే చాప మీద కూచోబెట్టి అన్నం పెట్టాడంటారు. మాల కన్నమదాసును కొడుకుగా చూసుకుని సేనకు ముందు నిలిపాడంటారు. ఈ కథ విన్నప్పుడల్లా మాకొక ప్రశ్న మిగిలిపోతుంది. పంక్తిలో చోటు దొరికింది సరే, పొలం ఎవరి పేరున ఉంది? కన్నమదాసు కారెంపూడి రణరంగానికి ముందు నడిచాడు, బాగానే ఉంది. గద్దె కోసం జరిగిన బేరసారాల్లో ఆయన మాట చెల్లిందా? ఢిల్లీలో 'సంకీర్ణ ప్రభుత్వం' ఏర్పడిన ప్రతిసారీ మేము అడగదలుచుకున్నది కూడా ఇదే.

ఈపూరు మండలం వినుకొండ అసెంబ్లీ, నరసరావుపేట పార్లమెంటు నియోజకవర్గాల కింద ఉంది. రెండూ జనరల్ సీట్లే. జాషువా పుట్టింది ఆ వినుకొండలోనే. 'గబ్బిలం'లో ఆయన అంటరానివాడి గోడును గబ్బిలం చేత దేవుడికి కబురంపాడు. గుడిలోకి గబ్బిలానికున్న ప్రవేశం మనిషికి లేదు గనక. మరి ఈపూరు వాడ నుంచి ఢిల్లీకి మన కబురు మోసుకుపోయేదెవరు?

సంకీర్ణం వస్తే కేంద్రం పెత్తనం తగ్గుతుందనీ, అధికారం కిందికి దిగుతుందనీ మేధావులు రాస్తుంటారు. దిగిన మాట నిజమే. అయితే ఎందాకా దిగింది? 1988లో నేషనల్ ఫ్రంట్ కట్టినప్పుడు దానికి ఎన్టీ రామారావు ఛైర్మన్, వి.పి. సింగ్ కన్వీనర్. రాష్ట్రాల హక్కులన్నది ఆ ఫ్రంట్ పెద్ద నినాదం. దానికి మూడేళ్ళ ముందు, 1985 జూలై 17న, అదే రామారావు పాలనలో కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. ఢిల్లీ దగ్గర హైదరాబాదుకు ఆత్మగౌరవం కావాలన్నవాళ్ళు, ఊరి దగ్గర వాడకు ఆత్మగౌరవం ఉంటుందని ఒప్పుకోలేదు. ప్రాంతీయ పార్టీ అంటే భూమీ, కాంట్రాక్టులూ చేతుల్లో పెట్టుకున్న కులాల ఉమ్మడి సంసారం. ఆ సంసారంలో వాటా లేనివాడికి ఢిల్లీ వాటాలో పాలెక్కడిది?

అట్లాగని ఫ్రంటు ప్రభుత్వాలు ఏమీ చెయ్యలేదంటే అబద్ధమవుతుంది. అంబేద్కర్‌కు భారతరత్న, బౌద్ధం తీసుకున్న దళితులకు ఎస్సీ గుర్తింపు, మండల్ ప్రకటన మూడూ 1990లోనే వచ్చాయి. ఒకే పార్టీ మెజారిటీతో ఏలిన కాంగ్రెస్, మండల్ నివేదికను దశాబ్దం పాటు బీరువాలోనే ఉంచింది. అయితే ఆగస్టు 7న మండల్ అన్న ప్రభుత్వం నవంబరులో కూలింది. బయటినుంచి ఊతమిచ్చిన బీజేపీ, మండల్‌కు ఎదురు కమండలం ఎత్తి చెయ్యి తీసేసింది. మేలు చేసిన సంకీర్ణం మూడు నెలలు బతికింది. 1996లో తెలుగుదేశం 16 సీట్లతో ఢిల్లీకి పోయింది, చంద్రబాబు నాయుడు యునైటెడ్ ఫ్రంట్ కన్వీనర్ అయ్యాడు. అదీ రెండేళ్ళు నిండకుండానే పోయింది.

ఇక 1998. వాజపేయి సర్కారుకు మద్దతిచ్చిన తెలుగుదేశానికి స్పీకర్ పదవి దక్కింది. అమలాపురం నుంచి గెలిచిన జి.ఎం.సి. బాలయోగి ఆ కుర్చీలో కూచున్న మొదటి దళితుడు. మనోళ్ళందరం సంతోషించాం, సంతోషించాల్సిందే. కానీ ఓట్లు సమానమైతే తప్ప స్పీకరుకు ఓటుండదు. 1999 ఏప్రిల్ 17న విశ్వాస పరీక్షలో 269 ఓట్లు ఇటు, 270 అటు. ఒరిస్సా ముఖ్యమంత్రిగా ఉంటూ ఎంపీగా ఓటెయ్యటానికొచ్చిన గిరిజనుడు గిరిధర్ గమాంగ్ సంగతి తేల్చాల్సి వస్తే, బాలయోగి దాన్ని ఆయన మనస్సాక్షికి వదిలేశాడు. బీఎస్పీ ఎంపీల అయిదు ఓట్లూ ప్రభుత్వానికి వ్యతిరేకంగా పడ్డాయి, ప్రభుత్వం పడిపోయింది. ఒకే సభలో, ఒకే రోజున మనం రెండు చూశాం: ఇంకొకరు ఇచ్చిన కుర్చీ ఒకటి, మన సొంత ఓటు ఇంకొకటి. కుర్చీ మీద గౌరవముంది, నిర్ణయం ఓటు దగ్గరుంది. 2002 మార్చిలో బాలయోగి హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయాక ఆ పదవి శివసేన మనోహర్ జోషికి పోయింది. ఆ కుర్చీ వాడది కాలేదు, పొత్తుదే అయింది.

2024లో కథ మళ్ళీ నడిచింది. బీజేపీకి 240 సీట్లే వచ్చాయి, తెలుగుదేశం 16 సీట్లకు మళ్ళీ విలువొచ్చింది. అందులో నరసరావుపేట ఒకటి. ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు ఎస్సీ సీట్లలో అమలాపురం, బాపట్ల, చిత్తూరు మూడూ తెలుగుదేశం ఖాతాలోవే. అమలాపురంలో గెలిచింది బాలయోగి కొడుకే. జూన్ 9న ప్రమాణం చేసిన మంత్రుల్లో మన రాష్ట్రం వాళ్ళు ముగ్గురు: రామ్మోహన్ నాయుడు, పెమ్మసాని చంద్రశేఖర్, భూపతిరాజు శ్రీనివాసవర్మ. రిజర్వుడు సీటు నుంచి గెలిచిన ఒక్కరూ అందులో లేరు. అదే రోజు బీహార్ నుంచి ఒకే ఒక్క ఎంపీ ఉన్న పార్టీ తరఫున జీతన్‌రాం మాంఝీ, అయిదుగురున్న పార్టీ తరఫున చిరాగ్ పాశ్వాన్ కేబినెట్ మంత్రులయ్యారు. వాళ్ళు గెలిచిందీ రిజర్వుడు సీట్ల నుంచే. తేడా ఏంది? వాళ్ళకు సొంత పార్టీ ఉంది. మనోళ్ళకు టిక్కెట్టు మాత్రమే ఉంది.

ఇది వ్యక్తుల చేతగానితనం కాదు, ఏర్పాటే అట్లాంటిది. 1932 పూనా ఒప్పందం ప్రత్యేక నియోజకవర్గాల్ని మింగి, అందరి ఓట్లతో గెలవాల్సిన రిజర్వుడు సీట్లను చేతిలో పెట్టింది. 1985 పార్టీ ఫిరాయింపుల చట్టం వచ్చాక విప్ కాదంటే ఉన్న సీటు కూడా ఊడుతుంది. లోక్‌సభలో ఎస్సీ సీట్లు 84. పదహారు మంది కలిస్తే సర్కారు నిలబడుతుంది. ఎనభై నలుగురున్నా ఒక్క మంత్రిత్వ శాఖను కూడా అడిగి తీసుకోలేరు. పదహారు ఒక జట్టు, ఎనభై నాలుగు ఒక లెక్క.

సొంత పార్టీ ఉంటే చాలునా? చాలదు. రాంవిలాస్ పాశ్వాన్ దాదాపు ప్రతి సంకీర్ణంలోనూ మంత్రే. అయినా బీహార్ వాడల్లో భూమి చేతులు మారలేదు. కాబట్టి ఎన్ని పదవులన్న దగ్గర ఆగిపోకూడదు. ఆ పదవి పట్టుకుని భూమి, కూలి, చదువు గురించి ఏం రాయించారన్నది కూడా అడగాలి. కూటమి కట్టేనాడు ఉమ్మడి కార్యక్రమం కాగితంలో పడని మాట తర్వాత ఏ ఫైల్లోనూ పడదు.

మన తప్పు కూడా ఒప్పుకుందాం. 1994లో దండోరా మోగినప్పటినుంచి మాల మాదిగల మధ్య వర్గీకరణ తగాదా నడిచింది. 2004లో సుప్రీంకోర్టు కొట్టేసిన వర్గీకరణను, 2024 ఆగస్టు 1న అదే కోర్టు చెల్లుతుందంది. ముప్ఫయ్యేళ్ళ పాటు వాటాల లెక్క మనం కూచుని తేల్చుకోలేక కోర్టుకు అప్పజెప్పాం. ఇంట్లో పొత్తు కుదరనివాళ్ళకు ఢిల్లీ పొత్తులో బేరమాడే నోరెట్లా వస్తుంది? ఎవడి వాటా వాడికి ఒప్పుకుని, మిగతా విషయాల్లో ఒకటిగా నిలబడటమే సంకీర్ణం. ఆ పాఠం ముందు ఈపూరు వాడలో, మాలపల్లెకూ మాదిగపల్లెకూ మధ్య మొదలవ్వాలి.

చాప మీద కూచోబెట్టినందుకు కృతజ్ఞత చెప్పి లేచే కాలం పోయింది. కూడు ఏ పొలంలో పండిందో, వడ్డించే గరిటె ఎవరి చేతిలో ఉందో కూచోకముందే అడగాలి.