ముసలి పిల్లికీ ఓ డాక్టరు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పాడి ఆవుల సీమ. పుంగనూరు పొట్టి ఆవుకు పుట్టినిల్లూ ఇదే. ఇలాంటి చోట, వీధిలోంచి తెచ్చి పెంచుకున్న ముసలి పిల్లిని బల్ల మీద పెడితే ఓపిగ్గా చూసే పశువుల డాక్టరు పనితనాన్ని మెచ్చుకోవాలి. పిల్లి నొప్పిని దాచుకుంటుంది. అందుకే తోలు పట్టి లేపి, వదిలితే ఎంతసేపటికి సర్దుకుంటుందో చూసి ఒంట్లో నీరు తగ్గిందేమో తేల్చాలి. పెదవి ఎత్తి చిగుళ్ల రంగు చూడాలి. పొట్ట తడిమి కిడ్నీల సైజు అంచనా వేయాలి. నీళ్లు ఎక్కువ తాగుతూ చిక్కిపోతోందంటే కిడ్నీ, థైరాయిడ్, షుగర్ మూడింటినీ అనుమానించాలి.

పాలిచ్చే ఆవులుండగా పిల్లికెందుకింత అంటారు కొందరు. ఆవుకే ముందు వరస, కాదనం. కానీ రేబిస్ పిల్లికీ వస్తుంది, దాన్నుంచి మనిషికీ సోకుతుంది; దానికి వేసే టీకా ఇంటిల్లిపాదికీ రక్ష. ముసలిదానికి వైద్యం దండగన్న మాటా నిలవదు. పాడైన కిడ్నీ తిరిగి బాగుపడకపోయినా, చర్మం కింద సెలైన్, తగిన తిండితో చాలా పిల్లులు నెలలు, ఒక్కోసారి ఏళ్లు సుఖంగా బతుకుతాయి. నయం కాదని తెలిసీ బాధ తగ్గించగలగడమే ఈ వృత్తిలో అసలు నేర్పు. మీ పిల్లి ఒక రోజంతా తిండి ముట్టకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లండి. జ్వరమని ఇంట్లో పారాసిటమాల్ మాత్రం వేయకండి, అది పిల్లికి విషం.