త్యాగయ్యా, రామదాసా?

ఇంజనీరింగ్ హాస్టల్లో బీటిల్స్ గొప్పా, రోలింగ్ స్టోన్స్ గొప్పా అని తెల్లారేదాకా కొట్టుకునేవాళ్ళం. ఖమ్మంలో అమ్మమ్మ వాళ్ళింట్లో ఆ గొడవ పేరు వేరు: త్యాగయ్యా, రామదాసా? తాతయ్యది త్యాగయ్య పార్టీ. అమ్మమ్మ పుట్టిల్లు నేలకొండపల్లి, రామదాసు ఊరే. ఇక ఆవిడ పార్టీ వేరే చెప్పక్కర్లేదు.

సంగీతం వరకైతే తాతయ్యే గెలుస్తాడు. సంగతి మీద సంగతి వేస్తూ త్యాగయ్య ఒక పల్లవిని పెంచే తీరు రామదాసులో దొరకదు. పైగా ఇవాళ మన చెవుల్లో ఉన్న రామదాసులో బాలమురళీకృష్ణ వాటా చాలా ఉంది. కాబట్టి వరసల మీద పోటీ పెట్టడమే అన్యాయం.

మాట మీద పెట్టి చూడండి. త్యాగయ్య రాజుగారి కానుకలు వద్దన్నవాడని చెప్తారు. రామదాసు రాజు డబ్బుకి లెక్క చెప్పాల్సిన పాల్వంచ తాసిల్దారు. ఆ డబ్బుతో భద్రాచలంలో గుడి కట్టి గోల్కొండ జైల్లో పడ్డాడు. అందుకే ఏ నగకి ఎంతయిందో రాముడికే లెక్క అప్పజెప్తాడు, తిడతాడు, తిట్టినందుకు మళ్ళీ తనే బతిమాలుకుంటాడు. త్యాగయ్యే ‘ప్రహ్లాద భక్తి విజయం’ మొదట్లో ఆయన్ని తలుచుకుని స్తుతించాడు.

నిరుడు ఉద్యోగం పోయి, రాత్రిళ్ళు ఈఎంఐలు లెక్కేసుకుంటున్నప్పుడు నాకు త్యాగయ్య ఎక్కలేదు. రామదాసే తోడున్నాడు. గొప్ప వాగ్గేయకారుడు త్యాగయ్యే, ఒప్పుకుంటాను. నా ఓటు మాత్రం అమ్మమ్మకే.