మర్ఫా వాద్యము: దేశీత్వ విచారము

హైదరాబాదు పాతబస్తీలోని బార్కాసునందు వివాహములలో వినవచ్చు మర్ఫా మేళము దేశీసంగీతమున చేరునా చేరదా యనునది విచారణీయాంశము.

నిజాము కొలువునకు హద్రమౌతునుండి వచ్చిన అరబ్బులును, ఆఫ్రికానుండి వచ్చిన సిద్దీలును దీనికి మూలపురుషులు. సైనికనివాసమును దెలుపు నాంగ్లపదమే వికృతినొంది 'బార్కాసు' అయినది. 1948లో నిజాము రాజ్యము భారతదేశమున విలీనమైన పిదప ఆ కొలువు పోయినను మేళము నిలిచినది.

మర్ఫా యనునది యొక చర్మవాద్యమునకు బేరు. లక్షణావృత్తిచే మేళమునకెల్ల జెల్లినది. బుర్రనుబట్టి బుర్రకథకు బేరు వచ్చుటయు నిట్టిదే. భరతుని విభాగము ననుసరించి డోళ్లు అవనద్ధములు, వానితో మ్రోగు లోహపుబిందె ఘనము. గేయముకంటె తాళమే యిందు ప్రధానము. కత్తులు, కర్రలు త్రిప్పుచు నాడువారి యడుగులకు నదియే యాధారము.

పరదేశమున బుట్టినది దేశి యెట్లగునని పూర్వపక్షము. అది నిలువదు. సంగీతరత్నాకరమున శార్ఙ్గదేవుడు ఆయా దేశముల జనుల హృదయములను రంజింపజేయుటనే దేశికి లక్షణముగా జెప్పెను గాని వాద్యముయొక్క జన్మస్థానమును నియమింపలేదు. శబ్దములయందును నింతే. అన్యదేశ్యమైనను తెలుగు ప్రత్యయమును గ్రహించిన పదము తెలుగు వాక్యమున నన్వయించుచున్నది. 'తీన్మార్' అనగా మూడు దెబ్బలు. ద్విగువును బోలిన యీ యుర్దూ సమాసము పేరుగాగల దరువు నేడు బోనాల యూరేగింపులలో డప్పులపై మ్రోగుచున్నది.

అయినను తీన్మారొక్కటియే మర్ఫా యని తలచుట యవ్యాప్తిదోషము. ఈ విద్య చేతినుండి చేతికి నడచుచున్నది గావున, తక్కిన దరువుల పేళ్లను నడకలను వాద్యకారులనుండియే విని వ్రాసియుంచుట పరిశోధకులకు గర్తవ్యము. ప్రయోగము నశించినచో లక్షణము వ్రాయుట కాధారముండదు.