చీటీలో లేని అంకె

పాలకేంద్రం దగ్గర ఒకామె ఇంకొకామెను "ఈ పూట ఎంత వచ్చింది?" అని అడిగితే, అది లీటర్ల లెక్క కాదు. వెన్న శాతం. "ఆరున్నర", "ఏడుకి ఒక పాయింటు తక్కువ" అని జవాబు. పాస్‌బుక్కులో ఏముందో చూసుకోని వాళ్లకు కూడా ఈ అంకె నోటికి వచ్చి ఉంటుంది.

దాని చుట్టూ ఊళ్లో పోగైన పరిజ్ఞానం చూస్తే నాకు ముచ్చటేస్తుంది. ఎండుగడ్డి తగ్గించి దాణా గుప్పిస్తే పాలు పెరిగినా వెన్న పడిపోతుందని తెలుసు. చివరి ధారల్లోనే వెన్న ఎక్కువ కనుక దూడను ముందు తాగనిచ్చి, ఆఖర్న పొదుగు పూర్తిగా పిండుకోవాలనీ తెలుసు. ఎవరి పాలకు వాళ్ల అంకె, పూటపూటా వాళ్ల చేతికే చీటీ. నేర్పింది అదే.

ఈ పరీక్ష మరీ పాతదేమీ కాదు. అమెరికాలో స్టీఫెన్ బాబ్‌కాక్ 1890లో, స్విట్జర్లాండ్‌లో నికొలాస్ గెర్బర్ ఆ మరుసటి ఏడాది, ఆమ్లంతో వెన్నను విడదీసి కొలిచే పద్ధతులు తెచ్చారు. బాబ్‌కాక్ పేటెంటు కూడా తీసుకోలేదు. ఒక్క లాక్టోమీటరును నమ్ముకుంటే మోసం తేలిక: మీగడ తీస్తే పాల సాంద్రత పెరుగుతుంది, నీళ్లు పోస్తే తగ్గుతుంది. రెండూ కొలతగా చేసినవాడి పాలలో లాక్టోమీటరు మంచి పాలలో తేలినట్టే తేలుతుంది. మన కేంద్రాల్లో యంత్రాలు రాకముందు నడిచింది గెర్బర్ పద్ధతే.

ఇక శుభ్రత సంగతి. దానికి చీటీ లేదు. వెన్న చూడగానే అందరి పాలూ ఒకే క్యాన్‌లోనో కూలర్‌లోనో కలిసిపోతాయి. సూక్ష్మజీవుల పరీక్ష సాధారణంగా ఆ తర్వాతే, డెయిరీలో. పాలలో మిథిలీన్ బ్లూ కలిపి 37 డిగ్రీల వేడిలో ఉంచుతారు. నీలిరంగు ఐదు గంటలు నిలిస్తే చాలా మంచి పాలు, అరగంటలో తెల్లబడితే నాసిరకం. తేలిన ఫలితం మాత్రం ఊరందరిదీ. వేణ్నీళ్లతో బిందె కడిగినామెకూ, నిన్నటి పాలవాసన పోని బిందె తెచ్చినామెకూ ఒకటే మార్కు. పొదుగువాపు ఉన్న గేదె ఏ ఇంట్లో ఉందో ఆ అంకె చెప్పదు. ఊళ్లోనే పాలను 4 డిగ్రీలకు చల్లబరిచే కూలర్లు వచ్చాక పాలు విరగడం తగ్గింది, మంచిదే. కానీ చలి సూక్ష్మజీవులను త్వరగా పెరగనివ్వదంతే, బిందెతో వచ్చినవాటిని ఏరిపారేయదు.

ధర అంతా ఒక్క అంకెకు కట్టేస్తే ఏమవుతుందో 2008లో చైనా చూసింది. అక్కడ మాంసకృత్తులను నత్రజని లెక్కన కొలిచేవారు. 1883లో డెన్మార్క్‌లో కెల్డాల్ రూపొందించిన పద్ధతి అది. నత్రజని ఎక్కడి నుంచి వచ్చిందో దానికి పట్టదు. నీళ్లు కలిపిన పాలలో మెలమిన్ వేస్తే లెక్క సరిపోయింది. ఆరుగురు పసివాళ్లు చనిపోయారు, దాదాపు 3 లక్షల మంది జబ్బుపడ్డారు. మోసగాళ్లను తిట్టుకోవచ్చు. వాళ్లకు దారి చూపింది మాత్రం ఆ కొలతే.

నన్నడిగితే, రోజూ అందరినీ పరీక్షించక్కర్లేదు. వంతులవారీగా వారానికి కొన్ని ఇళ్లు చాలు, క్యాన్‌లో పోయకముందే వాళ్ల పాలను విడిగా చూడాలి. పొదుగువాపుకైతే నాలుగు గిన్నెల పళ్లెం ఉంది: ఒక్కో చన్ను పాలు ఒక్కో గిన్నెలో పిండి, ద్రావణం కలిపి తిప్పితే వాపున్న చన్ను పాలు జిగురు కడతాయి. పశువుల డాక్టరు వచ్చే దాకా ఆగక్కర్లేదు, పాలు పిండే మనిషే చూసుకోగలదు. ఫలితం బోర్డు మీద రాయకుండా ఆమెకే చెప్పాలి.

మొదటిసారే ధర కోయకూడదు, ఈ ఒక్కచోట నేను రాజీపడను. కోస్తే ఆ బిందె సాయంత్రానికల్లా పక్కవీధి ప్రైవేటు కేంద్రానికి పోతుంది. గేదె పొదుగు మాత్రం అలాగే ఉంటుంది. ఖర్చు ఎవరు పెట్టుకోవాలని డెయిరీవాళ్లు అడుగుతారు. పాలు విరిగినప్పుడు ట్యాంకరు మొత్తం పారబోసిన ఖర్చు ఏ పద్దులో రాస్తున్నారో ముందు వాళ్లను చెప్పమనండి.