గడి గడిలో పనితనం

మోటోజీపీ పందేల్లో 2016 నుంచి అన్ని జట్లకూ ఒకటే ఈసీయూ, అంటే ఇంజనును నియంత్రించే చిన్న కంప్యూటర్. ఇటలీ కంపెనీ మాగ్నెటి మారెల్లి చేసిన పెట్టె, అందులో అందరికీ ఒకే సాఫ్ట్‌వేర్. డుకాటీ అయినా, హోండా అయినా, యమహా అయినా అంతే. ఇంజన్లు ఎలాగూ ఎవరివి వాళ్లవే. ఏ మలుపులో, ఏ గేరులో, చెయ్యి ఎంత తిప్పితే ఎంత బలం చక్రానికి అందాలో నిర్ణయించే అంకెలు మాత్రం గ్యారేజీలో లాప్‌టాప్ ముందు కూర్చున్న ఇంజనీరు నింపాల్సిందే. పెట్టె కొనుక్కుంటే దొరుకుతుంది, సాఫ్ట్‌వేరూ దొరుకుతుంది. ఆ అంకెలు మాత్రం చేతిపని.

ఈ మాట కొండాపురం, వింజమూరు, ఉదయగిరి, ఆత్మకూరు వైపు స్పోర్ట్స్ బండ్లు నడిపే కుర్రవాళ్ల కోసం చెబుతున్నాను. ఆర్‌సీ 390, ఆర్15, అపాచీ ఆర్ఆర్ 310 లాంటి బండి కొన్న ఏడాదికి సైలెన్సర్ మారుస్తారు, ఎయిర్ ఫిల్టర్ మారుస్తారు, తర్వాత ఈసీయూ ట్యూనింగ్ మీదికి మనసు పోతుంది. బెంగళూరుకో చెన్నైకో బండి తీసుకుపోతారు. అక్కడ గోడ మీద రాసి ఉన్న హార్స్‌పవర్ అంకె చూసి, ఎక్కువ రాసినవాడి చేతిలో బండి పెడతారు. అలా ఎంచుకోవద్దని నా సలహా. యాక్సిలరేటర్ పూర్తిగా మెలితిప్పినప్పుడు ఎంత వచ్చిందన్నది ట్యూనర్ పనిలో చిన్న భాగం. పావు వంతు కూడా తిప్పని చోట అతను పెట్టిన శ్రద్ధే అసలు పనితనం.

లోపల ఏముందో చూస్తే ఈ సంగతి అర్థమవుతుంది. ఈసీయూలో ఉండేది ఒక పట్టిక, దాన్నే మ్యాప్ అంటారు. ఒక వైపు యాక్సిలరేటర్ ఎంత తెరుచుకుందో, మరో వైపు ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో. రెండూ కలిసే ప్రతి గడిలో ఒక అంకె ఉంటుంది. ఇంజెక్టర్ ఎంతసేపు తెరుచుకుని ఉండాలో ఆ అంకె చెబుతుంది. అలాంటిదే ఇంకో పట్టిక ప్లగ్గులో నిప్పురవ్వ ఎప్పుడు పడాలో చెబుతుంది. 2017 నుంచి వచ్చిన ఆర్‌సీ 390లో యాక్సిలరేటర్‌కు కేబుల్ లేదు, వైరే ఉంది. కాబట్టి అందులో మూడో పట్టిక కూడా ఉంటుంది: చెయ్యి ఇంత తిరిగితే లోపలి థ్రాటిల్ రేకు ఎంత తెరుచుకోవాలన్నది దాని పని.

ఈ అంకెలు ఎంత సున్నితమో చూడండి: ఇప్పటి ఆర్‌సీ 390 తన పూర్తి 43.5 పీఎస్ బలాన్ని 9000 ఆర్‌పీఎం దగ్గర ఇస్తుంది. అంటే సెకనుకు 150 చుట్లు. గాలీ పెట్రోలూ పీల్చి, నొక్కి, మండించి, పొగ బయటికి తోసే నాలుగు పనులూ కలిపి 13 మిల్లీసెకన్లలో ముగియాలి. నిప్పురవ్వను ఒక్క డిగ్రీ ముందుకు జరపడమంటే, సెకనును పది లక్షల ముక్కలు చేసి అందులో 18 ముక్కలంత సేపు ముందుకు జరపడం. రెండు మూడు డిగ్రీలు ఎక్కువైతే ఎండాకాలంలో ఇంజను లోపల టకటకమని నాకింగ్ మొదలవుతుంది. అది అలాగే సాగితే పిస్టన్‌కు చేటు.

పాత రోజుల్లో ఆర్‌ఎక్స్ 100 మెకానిక్ ఇదే పని చెవితో, కంటితో చేసేవాడు. ప్లగ్గు విప్పి దాని రంగు చూసి పెట్రోలు ఎక్కువైందో తక్కువైందో చెప్పేవాడు. అతనికి మార్చడానికి ఉన్నవి మెయిన్ జెట్టు, పైలట్ జెట్టు, నీడిల్, గాలి స్క్రూ. ఇప్పటి ట్యూనర్‌కు వందల గడులు ఉన్నాయి. స్వేచ్ఛ పెరిగింది, తప్పు చేసే చోట్లూ అంతే పెరిగాయి.

మంచి ట్యూనర్ డైనో మీద, అంటే బండి బలం కొలిచే యంత్రం మీద, పని చేస్తుంటే నిలబడి చూడండి. బండి వెనక చక్రం ఒక పెద్ద ఉక్కు డ్రమ్ము మీద ఉంటుంది. సైలెన్సర్ గొట్టంలో వైడ్‌బ్యాండ్ సెన్సర్ పెడతాడు. బండితో వచ్చే మామూలు ఆక్సిజన్ సెన్సర్ మిశ్రమం సరిహద్దుకు ఇటుందా అటుందా అన్నంత వరకే నమ్మకంగా చెబుతుంది; వైడ్‌బ్యాండ్ ఎంత దూరంలో ఉందో కూడా చెబుతుంది. డ్రమ్ముకు కరెంటుతో పనిచేసే బ్రేకు ఉంటే, ట్యూనర్ బండిని 4000 ఆర్‌పీఎం దగ్గర 15 శాతం థ్రాటిల్‌లో కదలకుండా నిలబెట్టగలడు. అక్కడ నిలబెట్టి, సెన్సర్ చూపే అంకె స్థిరపడేదాకా ఆగి, ఆ ఒక్క గడిలో రెండు శాతం పెట్రోలు పెంచి మళ్లీ చూస్తాడు. తర్వాత 20 శాతం థ్రాటిల్. తర్వాత 4500. ఒక్కో గడి దగ్గర ఇదే ఓపిక. గది వేడెక్కుతుంది. ఇంజను వేడి పెరిగితే పని ఆపి, ఫ్యాను గాలికి చల్లారనిచ్చి మళ్లీ మొదలుపెడతాడు. చల్లారనివ్వకుండా తొందరపడితే తర్వాతి అంకెలన్నీ అబద్ధం చెబుతాయని అతనికి తెలుసు.

ఆ తర్వాత చేసేది నాకు మరీ ఇష్టమైన పని. గడులన్నీ నిండాక పట్టికను తెర మీద కొండల బొమ్మలా తిప్పి చూస్తాడు. ఎక్కడైనా ఒక గడి పక్క గడి కంటే ఉన్నట్టుండి లేచి ఉంటే దాన్ని ఇరుగు పొరుగు గడులతో కలిపి సర్దుతాడు. అక్కడ మెట్టు మిగిలితే రోడ్డు మీద అది జర్కుగా బయటపడుతుంది. భౌగోళిక గుర్తింపు పొందిన మన ఉదయగిరి చెక్క గరిటె అంచు మీద వేలు జరిపితే ఎక్కడా గరుకు తగలదు. మంచి మ్యాపు మీద మన చెయ్యి తిరిగేటప్పుడు అలాగే ఉండాలి.

బ్రేకు లేని డైనోలు కూడా ఉన్నాయి. వాటి మీద బండిని ఒక గేరులో పూర్తిగా లాగించి డ్రమ్ము ఎంత త్వరగా వేగం అందుకుందో లెక్కగట్టి బలం చెబుతారు. ముందూ వెనకా పోల్చి చూడటానికి అది చాలు. సగం థ్రాటిల్ లోపలి గడులను నిలబెట్టి సరిచేయడానికి మాత్రం చాలదు. అందుకే ట్యూనర్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: మీ డైనోకు లోడ్ బ్రేకు ఉందా?

తక్కువ థ్రాటిల్ గురించి ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే మన రోడ్లు అలాంటివి. కలిగిరి వేలం కేంద్రానికి పొగాకు వేసుకుని పోయే ట్రాక్టర్ వెనక మూడో గేరులో ఇరుక్కున్నప్పుడు, రోడ్డు మీద ఆరబోసిన వడ్ల పక్కనుంచి పోతున్నప్పుడు, మేకల మంద దాటేదాకా ఆగి కదిలినప్పుడు మన చెయ్యి తిరిగేది పావు వంతు లోపే. సింగిల్ సిలిండర్ స్పోర్ట్స్ బండ్లు ఊగిసలాడేది కూడా అక్కడే. 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎస్6 నిబంధనల పొగ పరిమితులకు లోబడాలంటే, సాఫీగా పోయేటప్పుడు మిశ్రమాన్ని సరిగ్గా మండే హద్దు దగ్గరే ఉంచాలి. అలా ఉంటేనే క్యాటలిటిక్ కన్వర్టర్ పొగను శుభ్రం చేయగలుగుతుంది. ఆ కట్టుబాటు ఉన్న ప్రాంతం నుంచి బలం కావాల్సిన ప్రాంతంలోకి మ్యాపు మారే చోట బండి ఒక్కసారి ముందుకు ఉలిక్కిపడుతుంది. నేర్పరి ట్యూనర్ కట్టుబాటును తెంచడు, ఆ మారే చోటును నున్నగా చేస్తాడు. ఆక్సిజన్ సెన్సర్‌ను మూసేసి అన్ని గడుల్లో పెట్రోలు కుమ్మరించేవాడు తేలిక దారి పట్టినట్టే. మైలేజీ పడిపోతుంది, కన్వర్టర్ పాడవుతుంది. యాక్సిలరేటర్ వదలగానే సైలెన్సర్ ఫట్ ఫట్ మనేలా చేయించుకోవడం కూడా ఈ కోవలోదే. మండాల్సిన పెట్రోలు ఇంజనులో మండకుండా గొట్టంలో మండుతోందని ఆ మోత అర్థం.

బెంగళూరు పేరు వచ్చింది కనుక రేస్ డైనమిక్స్ గురించి చెప్పాలి. వాళ్లు తయారుచేసే పవర్‌ట్రానిక్ మన దేశంలో చిన్న స్పోర్ట్స్ బండ్లకు బాగా పేరు తెచ్చుకున్న పిగ్గీబ్యాక్ ఈసీయూ. కంపెనీ ఈసీయూను తీసేయరు, దాని లోపలి అంకెలు చెరపరు. కంపెనీ ఈసీయూకీ ఇంజెక్టర్‌కీ మధ్య ఈ పెట్టె కూర్చుని, వచ్చిన ఆజ్ఞను అందుకుని, పెట్రోలునూ నిప్పురవ్వ సమయాన్నీ సవరించి ముందుకు పంపుతుంది. వైరు కత్తిరించాల్సిన పని లేకుండా బండి కప్లర్లలోకే సరిపోయే వైరింగ్ ఇస్తారు. రెండు మ్యాపులు పెట్టుకుని స్విచ్చుతో మార్చుకోవచ్చు. వద్దనుకుంటే పీకేసి బండిని యథాస్థితికి తేవచ్చు. ఈ చివరి గుణం నాకు అన్నిటికంటే గొప్పగా కనిపిస్తుంది. ఎదుటివాడి పనిని చెరపకుండా తన పని చేయడం మంచి పనివాడి లక్షణం. రెండో పద్ధతి ఫ్లాషింగ్, అంటే కంపెనీ ఈసీయూ జ్ఞాపకంలోని అంకెలనే తిరగరాయడం. అదనపు పెట్టె లేకుండా లోతుగా పని చేయవచ్చు. కానీ అది చేసేవాడు ముందుగా పాత ఫైలును చదివి భద్రపరిచి మీ చేతికి ఇవ్వాలి.

బెంగళూరులో ట్యూన్ చేసిన బండి కొండాపురం వచ్చాక అలాగే ఉంటుందా? ఈ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ. బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి గాలి పీడనం తీరంతో పోలిస్తే దాదాపు పదో వంతు తక్కువ. మన మైదానానికి దిగితే గాలి చిక్కబడుతుంది. అదే మే నెలలో మన దగ్గర 43 డిగ్రీల ఎండ కాస్తే, 25 డిగ్రీల బెంగళూరు సాయంత్రంతో పోలిస్తే గాలి ఆరు శాతం దాకా పలచబడుతుంది. ఒకటి ఇటు లాగితే ఒకటి అటు లాగుతుంది. కంపెనీ ఈసీయూలో గాలి పీడనానికీ వేడికీ సవరణలు ఉంటాయి. ట్యూనర్ వాటిని ముట్టుకోకుండా వదిలాడా, లేక తన డైనో గదిలో అంకె పెరగడం కోసం మార్చాడా అన్నది అడిగి తెలుసుకోవాలి. ఏ ఊళ్లో నడుపుతావని అతనే ముందుగా అడిగితే సగం నమ్మకం అక్కడే కుదురుతుంది.

పెట్రోలు సంగతీ అంతే. ఇండియన్ ఆయిల్ 2020 డిసెంబరులో తెచ్చిన ఎక్స్‌పీ100 లాంటి హై ఆక్టేన్ పెట్రోలు పోసి టైమింగ్ ముందుకు జరిపితే గ్రాఫు అందంగా వస్తుంది. ఆ పెట్రోలు మన పక్క బంకుల్లో ఎక్కడ దొరుకుతుంది? ట్యాంకులో ఉన్న మామూలు పెట్రోలు మీదే పని చేయించాలి. అందులో ఇప్పుడు 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. గ్రాము పెట్రోలు మండటానికి 14.7 గ్రాముల గాలి కావాలి, గ్రాము ఇథనాల్‌కు 9 గ్రాములు చాలు. ఈ మిశ్రమానికి లెక్క 13.5 దగ్గర తేలుతుంది. అందుకే తెలిసిన ట్యూనర్ 14.7 అంకె పట్టుకుని వేలాడడు, లాంబ్డా అనే కొలతలో మాట్లాడతాడు. ఏ ఇంధనానికైనా సరిగ్గా మండే చోటు లాంబ్డా 1. పూర్తి బలానికి 0.87 నుంచి 0.9 దాకా తెస్తాడు. నిప్పురవ్వ విషయంలో, ఇంకో డిగ్రీ జరిపినా బలం పెరగని చోటికి చేరాక ఒక అడుగు వెనక్కి వేసి ఆగుతాడు. ఆ వెనక్కి వేసిన అడుగే మే నెల ఎండలో మీ పిస్టన్‌ను కాపాడుతుంది.

ఇక గ్రాఫు చదవడం. డైనో కొలిచేది చక్రం దగ్గరి బలం, కంపెనీ చెప్పేది ఇంజను దగ్గరిది. కాబట్టి ఆ రెండూ పోల్చకూడదు. గాలి పీడనానికీ వేడికీ డైనో చేసే సవరణ ఎస్ఏఈ పద్ధతిలోనా, ఎస్‌టీడీ పద్ధతిలోనా చూడండి. ఎస్‌టీడీలో అంకె సుమారు నాలుగు శాతం ఎక్కువగా పడుతుంది. ట్యూనింగ్‌కు ముందు గ్రాఫు ఎస్ఏఈలో, తర్వాతిది ఎస్‌టీడీలో ఇస్తే ఏమీ చేయకుండానే బలం పెరిగినట్టు కనిపిస్తుంది. రెండూ ఒకే రోజు, ఒకే డైనో మీద, ఒకే గేరులో తీసి ఉండాలి. టర్బో లేని సింగిల్ సిలిండర్ బండికి ఉత్త ట్యూనింగ్‌తో పది హార్స్‌పవర్ పెంచుతానని ఎవరైనా చెబితే అక్కడినుంచి వచ్చేయండి. నిజాయితీ గల ట్యూనర్ కొద్దిపాటి పెరుగుదలే చెబుతాడు, మధ్య ఆర్‌పీఎంలో గ్రాఫు గుంటలు పూడిన చోట వేలు పెట్టి చూపిస్తాడు.

చట్టం మాట కూడా మరవకూడదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ మొదట చెప్పిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. పందెం మ్యాపు, ఖాళీ సైలెన్సర్ కావాలనుకుంటే శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ ఉంది. వాటికి అదే తగిన చోటు. వారంటీ ఉన్న బండి అయితే అది ముగిసేదాకా ఆగడమే మేలు.

బండి తెచ్చుకునేటప్పుడు ట్యూనర్ దగ్గర నాలుగు తీసుకోండి: ముందూ వెనకా గ్రాఫులు, 10 నుంచి 40 శాతం థ్రాటిల్ దగ్గర లాంబ్డా రీడింగులు, కొత్త మ్యాపు ఫైలు, పాత కంపెనీ ఫైలు. తర్వాత ఆత్మకూరు నుంచి బద్వేలు వైపు వెలికొండలు దాటే రోడ్డు మీద ఒక మిట్టమధ్యాహ్నం నడిపి చూసి, తేడా అనిపించిన ఆర్‌పీఎం కాగితం మీద రాసుకుని అతనికి పంపండి. దాన్ని చూసి ఆ గడులు సరిచేసి మళ్లీ ఫైలు పంపేవాడికే డబ్బు ఇవ్వండి. అలాంటి మనిషి దొరకకపోతే కంపెనీ ఇచ్చిన మ్యాపుతోనే నడుపుకోండి.